ఓబమ్మ ముడి

యేసుబాబు వెల్లకిలా పడుకుని జీపు డాష్‌బోర్డు కిందికి తల దూర్చాక మొదట కంటపడినవి వైర్లు కావు, కూతురి పాదాలు. ఎడమ తలుపు తీసి నడుం దాకా లోపలికి జరిగాడు. కాళ్లు బయట ఆత్మకూరు ఎండలో మాడుతున్నాయి, తల లోపల ఇనుము నీడలో ఉంది, మెడ కొంచెం పక్కకు వాలిస్తే ముందు సీటు కింది సందులోంచి వెనక సీటు దగ్గర ఆ రెండు పాదాలు, పక్కపక్కనే, బడిలో బెంచీ కింద పెట్టుకున్నట్టు ఒద్దికగా. కుడికాలి చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ అంతే, వాళ్ల అవ్వ ఓబమ్మ కాలూ అంతే. జీపు వచ్చి షెడ్డు ముందు ఆగినప్పుడు ఆయన బానెట్టు చూశాడు, నంబరు ప్లేటు చూశాడు, బండి నడుపుకొచ్చిన నారాయణయ్య భుజం మీది కండువా చూశాడు, వెనక సీట్లో తువ్వాలు కప్పిన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి మొహం తప్ప లోకంలో ఉన్నవన్నీ చూశాడు. సుజనతో రెండేళ్లుగా మాట లేదు. ఆ తువ్వాలు కింద ఉన్నది మగబిడ్డో ఆడబిడ్డో కూడా తెలియదు. ఉదయగిరిలో కాన్పయిందని లిదియమ్మ ఆదివారం ఆరాధనకు పోయి గుడి దగ్గర ఎవరి నోటో విని వచ్చి చెప్పబోతే, ఎవరు పుట్టారో వినకుండానే చెప్పులు వేసుకుని బయటికి నడిచిన మొగుడు ఆయన. ఆ సగం వార్తతోనే ఇన్నాళ్లూ గడిపాడు. ఇంకో గంటలో నారాయణయ్య ఎరువుల కొట్టు నుంచి వస్తాడు, జీపెక్కుతాడు, ఆ పాదాలు ఉదయగిరి అవతలికి వెళ్లిపోతాయి. ఈ గంటలో తన నోట్లోంచి ఒక మాట ఊడిపడితే పడినట్టు, లేకపోతే ఈ జన్మకు పడదని ఆయనకే తెలుసు.

జీపు దిగగానే నారాయణయ్య రోగాలన్నీ ఏకరువు పెట్టాడు. "పెద్ద జబ్బేం లేదు యేసుబాబూ. ఇంజను రాయి మాదిరి ఉండాది. అన్నీ చిల్లర రోగాలే. బ్రేకు తొక్కితే ఇండికేటరు మిణుకుమంటాది, ఇండికేటరేస్తే లోపలి లైటు గుడ్డిగా ఎలగతాది, వైపరు ముసలెద్దు మాదిరి కదల్తాది. పెండ్లికి రంగేయించినప్పట్నుంచీ ఇంతే, సర్దుకుంటా వచ్చినాం. ఇప్పుడు హారన్ గూడా పోయింది. హారన్ లేకుండా సీతారామపురం మలుపుల్లో యాడ తిప్పేది? ఉదయగిరాయన చూసి, హారన్ బాగానే ఉండాది, దానికి కరెంటే రాలేదని చేతులెత్తేసినాడు."

"చూస్తా" అన్నాడు యేసుబాబు, బానెట్టుకు చెప్పినట్టు. నారాయణయ్య ఇంకేదో అనబోయి, కండువా నెత్తిన వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. పెండ్లికి అన్న మాట మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

ఆ పెండ్లికి యేసుబాబు పోలేదు. సుజనా, నారాయణయ్య కొడుకు హర్షా ఉదయగిరి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుని సాయంత్రానికి వాడి ఊరు చేరారని విన్నాడు, ఆ పల్లె పేరు వినగానే ఆయనకు గుర్తొచ్చింది నీళ్లు. కొత్తగా పని నేర్చిన రోజుల్లో ఆ ఇంటి బావికి మోటారు పెడుతుంటే వైరింగుకు పోయాడు. మధ్యాహ్నం దాహమేస్తే దొడ్లో నిలబెట్టి, నారాయణయ్య తల్లి చెంబు పైకెత్తి, ఆయన దోసిట్లోకి ధారగా పోసింది. చెంబు తగలకుండా, చుక్క చెదరకుండా, ఎంత నేర్పుగా పోసిందో. తిట్టలేదు, కసరలేదు, ఇంకా కావాలా అబ్బాయ్ అని కూడా అడిగింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి, తియ్యగానే ఉన్నాయి, గొంతు దిగుతుంటే హాయిగానే ఉంది, ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ దొడ్లోకే తన బిడ్డ కోడలిగా పోయింది. పోయి ఎక్కడ కూర్చుంటుంది, ఏ కంచంలో తింటుంది, దాహమేస్తే ఏ కుండలో గ్లాసు ముంచుతుంది? అడగడానికి నోరు రాలేదు, అడగకుండా ఉండడానికి కోపం ఒకటి కావాల్సి వచ్చింది. కోపమైతే చేతిలో స్పానరు మాదిరి ఎప్పుడూ దొరుకుతుంది. ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు, లిదియమ్మ ఎత్తలేదు. పేరుతోపాటు పాటలు కూడా మానేసింది, పొయ్యి దగ్గర తెల్లవారుజామున పాడుకునే కీర్తనలు, ఇప్పుడు ఆ వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఇప్పుడు ఆ పాదాల్లో జవాబు వెతుకుతున్నాడు. మడమలు పగిలాయా? లేదు, నున్నగా ఉన్నాయి. మెట్టెలు ఉన్నాయి, వాళ్ల ఆచారం. గోళ్ల చుట్టూ పేడ లేదు, బురద లేదు. అయితే పని చేయించడం లేదా? లేక ప్రయాణమని తోముకుందా? పాదాలను బట్టి బతుకు చెప్పే విద్య ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. ఆయనకు తెలిసింది వైర్లను బట్టి బండి బతుకు చెప్పడమే. తల పైకి తిప్పాడు. ఈ బండి ఎన్ని చేతులు మారిందో ఆ కట్ట చూస్తే తెలిసిపోతోంది. మొదట ఏదో సర్కారు ఆఫీసుది కాబోలు, పాత వైర్లు బుద్ధిగా వరుసలో ఉన్నాయి. తర్వాతి ఆసామి ఒకడు చిన్న ఫ్యాను తగిలించాడు, ఇంకొకడు టేప్‌రికార్డరు, ఇంకొకడు దేవుడి పటానికి ఎర్ర బల్బు. ఎవరి కోరిక వాళ్లు తగిలించి, ఎవరి దారిన వాళ్లు పోయారు. బండి మాత్రం అందరి కోరికలూ మోసుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

ఎవరితోనూ చెప్పుకోడు గానీ కరెంటంటే యేసుబాబుకు ఇప్పటికీ భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. నెల్లూరులో పనికి చేరిన కొత్తల్లో, ఇంట్లో బల్బుకు రెండు వైర్లుంటాయి గదా, బండి బల్బుకు ఒక్కటే ఎందుకుందని ఉస్తాదును అడిగాడు. ఆయన నవ్వి బండి తలుపు మీద అరచేత్తో చరిచి, రెండోది ఇదేరా అన్నాడు. పోయే కరెంటుకు ఒక సన్నటి వైరు, తిరిగొచ్చే కరెంటుకు బండి మొత్తం. తలుపులు, నేల, కప్పు, సీటు బోల్టులు, అన్నీ అది బ్యాటరీకి ఇంటిముఖం పట్టే బాటే. మనం ఆ బాట మీదే కూర్చుంటాం, దాన్నే పట్టుకుని ఎక్కుతాం, దాని మీదే చెయ్యేసి కబుర్లు చెప్పుకుంటాం, మన చేతి కింద అది వెళుతూనే ఉంటుంది, మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ మాట విన్ననాడు ఆయనకు ఒళ్లు గగుర్పొడిచింది, ఇన్నేళ్లయినా ఆ గగుర్పాటు పాతబడలేదు. ఇంకో సంగతి తర్వాత తనంతట తానే కనిపెట్టాడు. తిరిగొచ్చే దారి మూసుకుపోతే కరెంటు అలిగి కూర్చోదు. పక్క బల్బు గుమ్మంలోంచి, దాని పక్కదాని పెరట్లోంచి, దొడ్డిదారినైనా సరే ఇల్లు చేరాలని చూస్తుంది. అది తొక్కుకుంటూ పోయిన దారిలో సంబంధం లేని దీపాలన్నీ గుడ్డిగా వెలుగుతాయి. బ్రేకు తొక్కితే ఇండికేటరు మిణుకుమనడం అంటే అదే. ఈ బండిలో ఎక్కడో తిరుగుదారి మూసుకుంది. అలగడం మనుషులకే చేతనవును.

సరే, వెతకాలంటే ఎవరో ఒకరు స్విచ్చులు వెయ్యాలి, పెడలు తొక్కాలి. షెడ్డులో పనివాళ్లను పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు, బండి తెచ్చినవాణ్ణే సీట్లో కూర్చోబెట్టి తొక్కిస్తాడు. తెచ్చినాయన ఎరువుల కొట్టులో ఉన్నాడు. వెనక సీట్లో ఉన్న మనిషిని పిలవాలంటే మాట కావాలి. యేసుబాబు లేచి పోయి ఒక ఇటుక తెచ్చాడు. బ్రేకు పెడలు మీద ఇటుక నిలబెట్టి మళ్లీ దూరాడు. టెస్టు బల్బు, అంటే ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు, ఒక కొసకు మొసలి నోరు లాంటి క్లిప్పు, ఇంకో కొసకు సూది, దాని క్లిప్పు బాడీకి తగిలించాడు. సూదితో వైరును గుచ్చేలోగా ఇటుక జారింది. జారి ఊరుకోక ఆయన భుజం మీద పడింది. "ఓరి దేవుడా" అని మూలిగాడు. సందులోంచి చూస్తే పాదాలు లేవు.

ముందు తలుపు తెరుచుకున్న చప్పుడు. జీపు ఒక పక్కకు ఒరిగి సర్దుకుంది. పాదాలు ఈసారి పైనుంచి దిగాయి, ఆయన మొహానికి జానెడు దూరంలో, ఒకటి క్లచ్చు పక్కన ఆగింది. ఆయన సూది గుచ్చి, ఊడిన క్లిప్పును టిక్కుమని మళ్లీ తగిలించగానే రెండోది బ్రేకు మీదికి వెళ్లి మెల్లగా అదిమింది. చేతిలో టెస్టు బల్బు వెలిగింది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు లారీల సీట్లలో కూర్చుంటే కాళ్లు అందేవి కావు, సీటు అంచుదాకా జారి, స్టీరింగు పట్టుకుని వేలాడుతూ బ్రేకు తొక్కి, నాయనా తొక్కినా అని రోడ్డంతా వినపడేట్టు అరిచేది. బండి కింది నుంచి ఆయన కేక వెయ్యకముందే, క్లిప్పు తగిలించిన టిక్కు శబ్దానికే కాలు బ్రేకు మీదికి పోయేది. ఆ కాలు మర్చిపోలేదు. రెండేళ్లు ఏ దొడ్లో తిరిగిందో, ఏ గుమ్మాలు దాటిందో, ఈ టిక్కును మాత్రం మర్చిపోలేదు.

"వదులు" అన్నాడు.

వదిలింది.

"ఎడమ ఇండికేటరు."

"వేసినా."

అదీ రెండేళ్ల తర్వాత తండ్రీకూతుళ్ల సంభాషణ. ఆమె నాయనా అనలేదు, ఆయన పాపా అనలేదు. పనికి కావలసిన మాటే, తూకం వేసినట్టు. కానీ ఆ గొంతు చెవిలో పడగానే డాష్‌బోర్డు కింద గాలి చల్లబడినట్టయింది. వైపరు అన్నాడు, వేసినా అంది. కుడి ఇండికేటరు అన్నాడు, వేసినా అంది. అడగాల్సిన పనిలేని స్విచ్చులు కూడా అడిగాడు. హెడ్‌లైటు బాగానే ఉందని నారాయణయ్య ముందే చెప్పాడు, అయినా హెడ్‌లైటు అన్నాడు.

"అది బాగనే ఉండాది గదా" అంది. కొంచెం ఆగి, "వేసినా" అంది.

మీటర్ల వెనక నుంచి ఒక నల్లటి వైరు ఇంజను గోడకు పోయి బోల్టు కింద కూర్చుని ఉంది. ఇక్కడి దీపాలన్నిటి తిరుగుదారీ అదే. సూది ఆ వైరుకు గుచ్చితే బల్బు వెలిగింది, బోల్టు పక్క ఇనుముకు ఆనిస్తే వెలగలేదు, అంటే కరెంటు బోల్టుదాకా వచ్చి ఇనుములోకి దిగలేక ఆగిపోతోంది. యేసుబాబు స్పానరు పెట్టి బోల్టు విప్పాడు. దాని కింద నిగనిగలాడే ఇనుము ఉండాలి. పాల రంగు ఉంది. గోరుతో గీకాడు, కింద ఇంకో పూత. ఆయన అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. బండ్లకు రంగు వేసేవాళ్లు బోల్టుల మీదనుంచే బ్రష్షు లాగేస్తారు, లేదా కాగితం అంటించి వదిలేస్తారు, కనపడని చోట ఎవడు చూడొచ్చాడని. పెయింటరు బద్ధకస్తుడైతే ఈ బండికి ఈ రోగం వచ్చేదే కాదు. ఇక్కడ ఎవరో పని పెట్టుకుని బోల్టులన్నీ విప్పించి, వాటి కింద కూడా రెండు పూతలు వేయించి, మళ్లీ బిగించారు. ఇంకో బోల్టు విప్పాడు, అక్కడా పాల రంగే. సీటు కింద ఒకటి విప్పాడు, అక్కడా.

"ఇదెవురు చేయించిన పని?" అన్నాడు, బోల్టుతో.

"మా మామ" అంది సుజన, ఆమె కూడా బోల్టుకే చెప్పినట్టు. "దగ్గరుండి ఇప్పించినాడంట. కోడలెక్కే బండి, పాత రంగు చుక్క కనపడగూడదు అన్నాడంట. పెయింటరు మొత్తుకున్నా ఇన్లేదంట."

యేసుబాబు గరుకు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. పాలపొడి రాలినట్టు రంగు పొడి మొహం మీద రాలుతోంది, కళ్లు మూసుకుని రుద్దాడు. ఎవరికీ కనపడని చోట. వంగి చూసినా కనపడదు, వెల్లకిలా పడుకుంటే గానీ కనపడదు, పడుకునేది ఎవరు, తనలాంటివాడు. ఆ మనిషి మర్యాద చెయ్యడానికి పోయి బండి దీపాలన్నీ ఆర్పుకున్నాడు, రెండేళ్లు గుడ్డి దీపాలతో కొండదారుల్లో తిరిగాడు, యేసుబాబు పిల్ల కోసం. దోసిట్లో నీళ్లు పోసిన ఇల్లూ ఇదే, బోల్టు కింద రంగు వేయించిన ఇల్లూ ఇదే. రెండింటినీ ఒకే తలలో పట్టించడం ఆయన వల్ల కావడంలేదు. రుద్దినకొద్దీ ఇనుము చుక్క చుక్కగా బయటపడింది, రూపాయి బిళ్లంత వెడల్పున మెరిసింది, ఆయనకు గుండెల్లో ఎక్కడో అట్లాగే గరుకుగా రుద్దినట్టుంది. నొప్పిగానే ఉంది, ఆపాలని మాత్రం లేదు.

బోల్టులు బిగించి, "తలుపు తియ్యి" అన్నాడు. లోపలి దీపం తలుపు తెరిస్తే వెలగాలి. ఆమె తెరిచింది. కప్పు మీద దీపం, గుడ్డిగా కాదు, ఎండను కూడా లెక్కచెయ్యకుండా తెల్లగా వెలిగింది. ఒళ్లో బిడ్డ అంతవరకూ నిద్రలో ఉందో, మేలుకొని ఈ పెద్దల తమాషా చూస్తోందో, ఒక్కసారి "ఆఁ" అంది. ఏడుపు కాదు, నవ్వు కాదు, లోకంలో ఇలాంటిది కూడా ఉందా అన్నట్టు ఒక పొడుగాటి ఆశ్చర్యం. యేసుబాబు చెయ్యి ఆగిపోయింది. ఉస్తాదు తలుపు మీద చరిచిన రోజున తన గొంతులో ఆగిపోయిన శబ్దం ఇదే. ఇన్నేళ్లూ బయటికి రాక ఎక్కడుందో, ఇప్పుడు ఈ పసినోట్లోంచి వచ్చింది.

"లైటమ్మా లైటు. చూడు తల్లీ, చూడు" అంటోంది సుజన.

తల్లీ. అయితే ఆడబిడ్డ. వార్తలో మిగతా సగం ఆయనకు అట్లా అందింది, రంగు పొడి నిండిన మొహంతో, నోట్లో స్క్రూ కరిచిపట్టుకుని ఉండగా. ఉమ్మితే స్క్రూ ఎక్కడ పడుతుందోనని అట్లాగే పట్టుకుని, మెడ సాచి పైకి చూశాడు. మొహం కనపడలేదు, సీటు అంచు మీదినుంచి వేలాడే బుల్లి కాలు ఒకటి కనపడింది. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. ప్రభువా అనుకున్నాడు. ఓబమ్మ కాలు, సుజన కాలు, ఇదిగో మూడోది. ఎవరు ఎక్కడికి అలిగి పోయినా, ఎవరు ఏ గుమ్మం మూసుకున్నా, ఆ వేలు మాత్రం దాని దారిన అది వచ్చేస్తోంది. దేవుడి పటం ఎర్ర బల్బు వైరు సర్దడానికి చెయ్యి పైకి పెడితే పటం వెనక ఏదో గరగరమంది. లాగి చూశాడు. మట్టల ఆదివారం నాడు చేతుల్లో పట్టుకుని పాడతారే, ఆ ఈతమట్ట, శిలువ మాదిరి మడిచింది, ఎండింది గానీ ఇంకా పచ్చదనం పూర్తిగా పోలేదు. ఈ ఏడాదిదే. వెంకటేశ్వరస్వామి పటం వెనక భద్రంగా దోపి ఉంది, రోజూ ఆ పటం తుడిచే చెయ్యి ఎవరిదోగానీ దాన్ని తీసి పారెయ్యలేదు. మళ్లీ అక్కడే దోపాడు, అంతకు ముందున్నట్టే, కొస బయటికి కనపడేట్టు.

ఇక హారన్ ఒకటే మిగిలింది. ఉదయగిరాయన అన్నది నిజమే, హారన్‌కు కరెంటు రావడం లేదు. స్టీరింగు దగ్గర ఉంది, ముందు హారన్ దగ్గర లేదు, మధ్యలో ఎక్కడో తెగింది. ఎలుక కొరికిందేమో అనుకుంటూ వైర్ల కట్ట మీద వేళ్లు పోనిచ్చాడు. చీకట్లో జడ అల్లే ఆడవాళ్ల మాదిరి, కళ్లతో పనిలేదు ఆయనకు. స్టీరింగు రాడ్డు వెనక, చెయ్యి మెలితిప్పితే గానీ అందని చోట, కట్ట లోపల కందిగింజంత ఉబ్బు తగిలింది. పక్కనే ఇంకోటి. బయటికి లాగాడు. ఎలుక కాదు. కట్టరుతో ఒక్క దెబ్బకు కోసిన వైరు. రెండు కొసలకూ విడివిడిగా టేపు చుట్టి ఉంది, ఇనుముకు తగిలి ఫ్యూజు కాలకుండా, బండికి ఏ హానీ జరగకుండా. టేపు మీద తెల్ల దారం. దారానికి ముడి.

ఆయన ఆ ముడిని వేళ్ల మధ్య తిప్పాడు. రెండు చుట్లు, ఒకటి ఎదురు చుట్టు, కొసను చుట్టు కిందికి తోసి బిగింపు. ఈ ముడి ఈ జిల్లాలో ఇంకే మెకానిక్కూ వెయ్యడు. ఎండలకు టేపు బంక కరిగి ఊడిపోతుందని, దాని మీద దారం కట్టే అలవాటు యేసుబాబుది. ముడి మాత్రం ఆయనది కాదు, వాళ్లమ్మది. ఓబమ్మ మిషను ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసి, తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో ఎంతమందికి పురుడు పోసిందో లెక్కలేదు. బొడ్డుతాడు కట్టే ముడి అది. తడిసినా జారదు, ఎండినా ఊడదురా అని కొడుక్కు నేర్పింది. సుజన బొడ్డు కూడా ఆమే కట్టింది. షెడ్డులో కూర్చుని హోంవర్కు చేసుకునే సుజనకు యేసుబాబే నేర్పాడు, పాత వైరు ముక్కల మీద, వేలు పట్టుకుని.

అయితే ఈ వైరు కోసింది సుజన.

ఆ మాట తలలోకి ఒక్కసారిగా రాలేదు, మెల్లగా, కాళ్ల దగ్గర్నుంచి పాకింది. ఇంజను జోలికి పోలేదు, బ్రేకు జోలికి పోలేదు. ఏది లేకపోతే ఆ మలుపుల్లో బండి తిప్పడానికి మామ జంకుతాడో, ఏది కోస్తే ఎవరికీ దెబ్బ తగలదో, ఎక్కడ దాస్తే ఇంకెవరికీ దొరక్క చివరికి ఆత్మకూరుకే రావాల్సి వస్తుందో, అంతా లెక్క చూసుకుని కోసింది. ఒకప్పుడు ఆ హర్ష కూడా ఇంతే. వాడి మోటారుసైకిలుకు వారానికో రోగం వచ్చేది, ఒకనాడు బల్బు వదులు, ఒకనాడు హారన్ వదులు, ఇంత దరిద్రపు బండి ఎట్లా కొన్నావురా అని యేసుబాబే జాలిపడేవాడు. అవన్నీ వాడే వదులు చేసుకుని సుజన కోసం వచ్చేవాడని తర్వాత తెలిసి ఎంత మండిపడ్డాడో. ఇప్పుడు మండదేం? పొంగుతున్నది కోపం కాదు, ఏందో ఆయనకే తెలియదు, కొండ ఎక్కాక ఒక్కసారిగా కింద చెరువులు, చేలూ, ఊళ్లూ కనపడితే కాళ్లలో పుట్టే వణుకు లాంటిది. దారి మూసి కూర్చున్నది తను. పిల్ల దొడ్డిదారి వెతుక్కుని, బోల్టులూ బల్బులూ దాటుకుని, ఇంటికి రావాలని చూసింది. వచ్చి, తన చేతికి దొరికేట్టు, తనకు మాత్రమే అర్థమయ్యేట్టు, వాళ్లవ్వ ముడి వేసి పెట్టింది. తను విప్పుతాడో లేదో చూస్తూ నోరెత్తకుండా కూర్చుంది. వెల్లకిలా పడుకున్నవాడి కన్నీళ్లు బుగ్గల మీదికి రావు, చెవుల్లోకి పోతాయి. చెవులు రెండూ తడిసిపోయాయి. రంగు పొడి పడిందనుకుంటుందిలే అనుకున్నాడు, ఆ పిల్ల అంత తెలివితక్కువది కాదని తెలిసి కూడా.

ముడి కొయ్యలేదు. గోటితో కొస లాగి విప్పాడు. టేపు తీసి, కొసలు గీకి, రెండు వైర్లనూ మెలివేసి, కొత్త టేపు చుట్టాడు. దారం కోసం పెట్టెకేసి చెయ్యి చాచాడు. అడగలేదు. పైనుంచి ఒక చెయ్యి దిగింది, అందులో జానెడు దారం, పంటితో కొరికి సిద్ధంగా పెట్టింది, కొస ఇంకా తడిగా ఉంది. ఆ దారం ఎప్పటినుంచి గుప్పిట్లో పట్టుకుని కూర్చుందో.

ముడి వేశాడు.

"హారన్ కొట్టు పాపా" అన్నాడు.

పైన ముక్కు ఎగబీల్చిన శబ్దం వినపడింది. తర్వాత హారన్ మోగింది. ఒక్కసారి చాలు, ఆమె చెయ్యి తియ్యలేదు, అట్లాగే పట్టుకుంది. బస్టాండు రోడ్డు మొత్తం తిరిగి చూసి ఉంటుంది, టీ కొట్టు దగ్గర ఎవరో "ఏందబ్బా ఆ మోత" అని అరిచారు, బిడ్డ మళ్లీ "ఆఁ" అంది, హారన్ మోగుతూనే ఉంది, బండి ఇనుమంతా దడదడలాడి, ఆయన వీపుకు, తలకు, పళ్లకు తెలుస్తూ ఉంది. చాలు అనలేదు యేసుబాబు. ఎంతసేపు మోగితే అంతసేపు మోగనియ్యి అనుకున్నాడు.

మోత ఆగేసరికి బయట అడుగులు. "మోగింది! మోగిందయ్యో!" నారాయణయ్య గొంతు, ఎండలో నడిచొచ్చిన ఆయాసంతో. "అయిపోయినట్టేనా యేసుబాబూ? పొద్దు తిరక్కముందే ఊరు చేరాల. అబ్బ, ఏమెండ!" ఆ తర్వాత మాట లేదు. యేసుబాబుకు డాష్‌బోర్డు కింది నుంచి ఏమీ కనపడదు, వినపడుతుంది. షెడ్డు మూల మట్టికుండ మీది మూత పక్కకు జరిగింది. ఆ కుండ యేసుబాబుది, గ్లాసు యేసుబాబుది, రోజూ ఆయన తాగే గ్లాసే. అది నీళ్లలో మునిగిన బుడగ శబ్దం. పైకెత్తి పోసుకుంటే గొంతులో గుటక వేరుగా వినపడుతుంది, ఆ తేడా ఆయనకు తెలుసు. ఇది అట్లా లేదు. పెదవులకు ఆనించి, గుటకలు గుటకలుగా, రోడ్డు మీద పోయేవాళ్లంతా చూస్తుండగా, ఎవరి అనుమతీ అడక్కుండా, సొంతింట్లో తాగినట్టు తాగుతున్నాడు. ఆగి, "సల్లగుండాయబ్బా" అని, ఇంకో గ్లాసు ముంచాడు.

యేసుబాబు ఇంకేమీ ఆలోచించలేదు. కట్టరు అందుకున్నాడు. తాళం చెవి వెనక నుంచి ఇంజను తిప్పే సెల్ఫుకు పోయే లావు వైరు వెతికి పట్టుకుని, ఒక్క దెబ్బకు కోశాడు. పైన పాదాలు ఉలిక్కిపడ్డాయి. రెండు కొసలకూ విడివిడిగా టేపు చుట్టాడు, ఇనుముకు తగలకుండా, బండికి ఏ హానీ జరగకుండా. చెయ్యి పైకి చాచాడు. ఈసారి దారం వెంటనే రాలేదు. పిల్లకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టినట్టుంది. తర్వాత వచ్చింది, ఇదీ పంటితో కొరికిందే.

పాకి బయటికొచ్చి, మొహం నిండా పాల రంగు పొడితో నిలబడ్డాడు.

"బండి ఇయ్యాల కదల్దు బావా" అన్నాడు.

నారాయణయ్య చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. బండి సంగతి ఆయనకు వినపడిందో లేదో, బావా అన్నది మాత్రం వినపడింది. గ్లాసు కుండ మూత మీద పెట్టి, "అదేంది, హారన్ మోగింది గదా" అన్నాడు.

"హారన్ మోగింది. సెల్ఫు పట్టుకుంది. కావాలంటే తిప్పి చూడు."

నారాయణయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. కిక్కురుమనలేదు. "అయితే తోయిద్దాంలే" అన్నాడు, అంత గట్టిగా కాదు.

"ఈ ఎండలో ఎవురు తోస్తారు బావా? రేపు చూద్దాం. ఇల్లు ఈడే, సందు చివర. లిదియమ్మ అన్నం వండతాది. పదండి" అని, తలుపు దగ్గరికి పోయి చేతులు చాచాడు. చేతులకు గ్రీజు ఉందని గుర్తొచ్చి చొక్కాకు తుడుచుకుని మళ్లీ చాచాడు. సుజన బిడ్డను అందించింది. బిడ్డ ఆయన మొహం మీది తెల్లపొడిని చూసి, కప్పు మీది దీపాన్ని చూసినంత శ్రద్ధగా చూసింది. సుజన కిందికి దిగుతూ వంగి, డాష్‌బోర్డు కిందికి ఒక చూపు చూసి, తండ్రి చెవి దగ్గర మెల్లగా అంది:

"నాయనా, దారం కొస కనపడతా ఉండాది. లోపలికి తోసెయ్."